సంఘంలో ఎన్ని ఓట్లున్నాయి అయ్యగారూ?

హైదరాబాద్‌లో క్రైస్తవుల ఓటు ఎటని అడిగితే ఎన్నికలప్పుడల్లా ఒకటే జవాబు. "వాళ్లెటూ కాంగ్రెస్సే" అంటారు, ఆంధ్రా నుంచి వచ్చి స్థిరపడిన సంఘాలైతే "ఇంకెవరు, జగనే" అంటారు. చెప్పేవాళ్లకు అనుమానం ఉండదు, చాలా సంఘాల్లో వినేవాళ్లకూ ఉండదు. ఎవరి పార్టీ వాళ్లిష్టం, దాని మీద నాకు పేచీ లేదు. బాప్తిస్మంతో పాటే పార్టీ సభ్యత్వం కూడా వచ్చేసినట్టు మాట్లాడటం దగ్గరే పేచీ, ఎందుకంటే ఇన్నేళ్లలో దానివల్ల సంఘానికి ఒరిగిందేమిటో ఎవరూ లెక్క చూడలేదు.

డిసెంబరు వచ్చిందంటే బస్తీల్లో సెమీ క్రిస్మస్‌ల, అంటే పండుగకు ముందే జరిపే వేడుకల, సందడి మొదలవుతుంది. ఏడింటికి మొదలవ్వాల్సిన కార్యక్రమం ఎమ్మెల్యేగారి కోసం ఎనిమిది దాటినా ఆగే ఉంటుంది. ఆయన రాగానే క్వయర్‌ను పాట మధ్యలో ఆపేస్తారు, ముందు వరసలో కూర్చున్న ముసలమ్మలను లేపి ఆయన వెంట వచ్చిన కుర్రాళ్లకు కుర్చీలు వేస్తారు. ఆ తర్వాత శాలువా, కేకు, ఫొటోలు, "ఈ ప్రాంతానికి దేవుడిచ్చిన నాయకుడు" అంటూ పాస్టర్‌గారి ప్రార్థన. వాక్యం మొదలయ్యేసరికి ఎమ్మెల్యేగారు కారెక్కేసి ఉంటారు. బంగారు ఉంగరం పెట్టుకుని మంచి బట్టల్లో వచ్చినవాడిని మంచి చోట కూర్చోబెట్టి, పేదవాడిని "నువ్వక్కడ నిలబడు" అనడం గురించి బైబిల్లోని యాకోబు పత్రిక రెండో అధ్యాయంలో సూటిగా రాసే ఉంది. ఆ అధ్యాయం మీద మన దగ్గర ప్రసంగాలకు కొదవ లేదు, స్టేజీ దగ్గరే ఎందుకో గుర్తుకు రాదు.

ఎమ్మెల్యే ఊరికే రాడు కదా. ఆయనకు పాస్టర్‌గారి దగ్గర కావాల్సింది ఓ అంకె. 2011 జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు ఒకటిన్నర శాతం కూడా లేరు, ఆదివారం పూట ఏ బస్తీలో తిరిగినా ఆ లెక్క నమ్మబుద్ధి కాదు. అలా తక్కువగా కనిపించడానికి ఒక కారణం 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులో ఉంది. ఎస్సీ హోదా మొదట హిందువులకే ఇచ్చారు, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు, క్రైస్తవులైన మాలమాదిగలకు మాత్రం ఇవ్వలేదు. మన రాష్ట్రాల్లో వాళ్లకున్నది బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. అందుకని ఆదివారం చర్చిలో ఉండే మనిషి సోమవారం ఎమ్మార్వో ఆఫీసులో హిందువు అవుతాడు. దాన్ని మోసమని తిట్టేవాళ్లు, కులం మాత్రం మతం మారినా మనిషిని ఎందుకు వదల్లేదో చెప్పరు. సరే, అది వేరే చర్చ.

ఇక్కడ నేను చెప్పదలచింది ఏమిటంటే, కాగితం మీద అసలు సంఖ్య లేకపోవడంతో చెప్పినవాడి సంఖ్యే చెల్లుబాటవుతోంది. "మా పాస్టర్ల ఫెలోషిప్‌లో ఇన్ని సంఘాలున్నాయి సార్, ఇన్ని వేల ఓట్లు" అని ఒకాయన వెళ్లి చెబితే కాదనడానికి నాయకుడి దగ్గర ఏ ఆధారమూ ఉండదు. సంఘం కాపరి ఓట్ల దళారీగా మారింది అలాగే. అందరూ అలాంటివాళ్లని అనను, మైకు దగ్గరికి ఏ నాయకుడినీ రానివ్వని పాస్టర్లూ ఈ నగరంలో ఉన్నారు. వాళ్ల ఫొటోలు ఫ్లెక్సీల మీద కనిపించవు.

తమాషా ఏమిటంటే ఈ ఓట్లు నిజంగా అలా గుంపుగా పడతాయని చెప్పడానికి రుజువు పెద్దగా లేదు. సువార్త సభలతో ప్రపంచమంతా తిరిగిన కె.ఎ. పాల్ 2022 మునుగోడు ఉప ఎన్నికలో నిలబడితే వెయ్యి ఓట్లు కూడా రాలేదు. వైఎస్ కుటుంబాన్నే చూడండి. బైబిలు పట్టుకుని సభలకు వచ్చే విజయమ్మగారు 2022లో కొడుకు పార్టీ గౌరవాధ్యక్ష పదవి వదిలేశారు, 2024లో కడప లోక్‌సభ స్థానంలో కాంగ్రెస్ నుంచి నిలబడ్డ కూతురు షర్మిలను గెలిపించమని అడిగారు. ఒకే ఇల్లు, ఒకే విశ్వాసం, రెండు పార్టీలు. ఆ వారమంతా మన వాట్సాప్ గ్రూపుల్లో "దేవుని చిత్తం" ఏ పార్టీ వైపుందో తేల్చడానికి కొట్టుకున్నవాళ్లు ఇప్పటికీ సరిగా మాట్లాడుకోవడం లేదు.

ఇంత విధేయతకు దక్కిందేమిటని చూస్తే సులువుగా ఇవ్వగలిగినవన్నీ ఇచ్చారు. కేసీఆర్ హయాంలో ఎల్బీ స్టేడియంలో ప్రభుత్వ క్రిస్మస్ విందు, పేదలకు బట్టల పంపిణీ జరిగాయి. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారితే అదే స్టేడియంలో అదే పండుగకు రేవంత్ రెడ్డి వచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో జగన్ ప్రభుత్వం పాస్టర్లకు నెలకు 5,000 రూపాయల గౌరవ వేతనం పెట్టింది. కష్టమైన పని మాత్రం కదల్లేదు. దళిత క్రైస్తవులకు ఎస్సీ హోదా ఇవ్వొచ్చని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. 2009 ఆగస్టులో వైఎస్ ప్రభుత్వం అసెంబ్లీలో తీర్మానం చేసింది. అప్పుడు ఢిల్లీలో ఉన్నదీ కాంగ్రెస్ నాయకత్వంలోని ప్రభుత్వమే, ఆ తర్వాత దాదాపు ఐదేళ్లు ఉంది, ఏమీ చేయలేదు. 2023 మార్చిలో జగన్ ప్రభుత్వం మళ్లీ అదే తీర్మానం చేసింది. 22 మంది ఎంపీలతో కేంద్రానికి అవసరమైన బిల్లుల్లో మద్దతిస్తూ వచ్చిన పార్టీ, బదులుగా ఈ ఒక్కటీ సాధించలేకపోయింది. ఈలోగా 2022లో కేంద్రం ఇదే విషయం పరిశీలించడానికి జస్టిస్ బాలకృష్ణన్ కమిషన్ వేసి, గడువు పొడిగిస్తూ వచ్చింది. ఎటూ పోని ఓటు కోసం ఎవరు మాత్రం కష్టపడతారు?

ఇంకోటి కూడా చెప్పాలి, మనవాళ్లు దీన్ని తలవరు. తిరుమల లాంటి ప్రార్థనా స్థలాల్లో అన్యమత ప్రచారాన్ని నిషేధించే చట్టం 2007లో వచ్చింది వైఎస్ ప్రభుత్వంలోనే. అది మంచి చట్టమేనని నా అభిప్రాయం. ముఖ్యమంత్రి అన్నాక అందరికీ ముఖ్యమంత్రే కదా. వేరే పార్టీవాళ్లు తెచ్చి ఉంటే మనం ధర్నాచౌక్‌కు వెళ్లేవాళ్లమా, లేదా? మణిపూర్ హింస విషయంలో బీజేపీ వేదికలెక్కే క్రైస్తవ నాయకులు నోరు మెదపలేదని తిడతాం, న్యాయమే. సొంత పార్టీ ముందు నోరు పెగలని జబ్బు మాత్రం వాళ్ల ఒక్కరిదీ కాదు.

బైబిల్లో ఓ కథ ఉంది. రామోత్గిలాదు అనే ఊరి మీదికి యుద్ధానికి వెళ్లనా అని ఇశ్రాయేలు రాజు అహాబు అడిగితే నాలుగు వందల మంది ప్రవక్తలు వెళ్లు, గెలుస్తావన్నారు. మీకాయా ఒక్కడే ఓడిపోతావన్నాడు, చెంపదెబ్బ తిని చెరసాలకు వెళ్లాడు. నామినేషన్ ముందు రోజు అభ్యర్థి తల మీద చేతులుంచి "విజయం నీదే" అని ప్రార్థించే దైవజనులకు ఈ కథ తెలియదని కాదు. నాయకుల కోసం ప్రార్థన చేయమని బైబిలే చెబుతోంది, చేయాలి కూడా. అభ్యర్థి కోసం ఫలితం ప్రకటించమని మాత్రం చెప్పలేదు. పైగా అభ్యర్థి అనుమతితో మతం పేరున ఓట్లడగడం ప్రజాప్రాతినిధ్య చట్టం 123వ సెక్షన్ కింద అవినీతి చర్య, గెలిచిన ఎన్నిక కూడా రద్దు కావచ్చు.

మన పెద్దలు ఇలా లేరు. దోర్నకల్ బిషప్ అజరయ్య 1930ల్లోనే క్రైస్తవులు మాత్రమే ఓటేసే ప్రత్యేక నియోజకవర్గాలు వద్దన్నారు. 1949లో మైనారిటీలకు చట్టసభల్లో సీట్ల రిజర్వేషన్ వద్దని ప్రతిపాదించిన రాజ్యాంగ సభ ఉపాధ్యక్షుడు హెచ్.సి. ముఖర్జీ బెంగాలీ క్రైస్తవుడు. ఆ నిర్ణయం తప్పని వాదించేవాళ్లున్నారు, వాదించొచ్చు. మందగా కాకుండా పౌరులుగా ఓటేస్తామని మాత్రం వాళ్లు తేల్చి చెప్పారు.

నారాయణగూడ క్రైస్తవ శ్మశానంలో కొత్తగా సమాధికి చోటు దొరకడం ఎంత కష్టమో నగరంలో ఆప్తుల్ని పోగొట్టుకున్న ఏ కుటుంబమైనా చెబుతుంది. చాలామంది పాత కుటుంబ సమాధినే మళ్లీ తవ్విస్తున్నారు. పార్టీ ఏదైనా సరే, ఈసారి సెమీ క్రిస్మస్‌కు వచ్చిన నాయకుడిని కేకు కోయకముందే స్థలం సంగతి అడిగి చూడండి. ఎక్కువసార్లు వచ్చే జవాబు ఒకటే: "మీ పాస్టర్‌గారితో మాట్లాడేశాం కదమ్మా."