బోర్డు మీది ఫీజు కాదు, చేతి నుంచి పోయేది చూడండి

అమెరికాలో లిబరల్ ఆర్ట్స్ కాలేజీ (ఒక్క వృత్తికే కాకుండా సాహిత్యం, సైన్సు లాంటివన్నీ కలిపి డిగ్రీ చెప్పే చిన్న కాలేజీ) ప్రైవేటుది కంటే పబ్లిక్‌ది చౌక అని చాలామంది అంటారు. అది ఎక్కువగా సొంత రాష్ట్రం పిల్లల విషయంలోనే నిజం. న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ కాలేజీ సునీ జెనెసియోలో 2024-25లో ఆ రాష్ట్రం వాళ్లకు ఏడాది ట్యూషన్ 7,070 డాలర్లు, బయటి రాష్ట్రాల వాళ్లకు రెట్టింపు పైనే. హాస్టలు, భోజనం ఖర్చు స్థానికులకు ట్యూషన్నే మించుతుంది. ఆదాయం తక్కువైతే, కుటుంబం కట్టలేని మొత్తమంతా సాయంగా ఇచ్చే విలియమ్స్, ఆమ్‌హెర్స్ట్ లాంటి ప్రైవేటువే (సీటొస్తే!) ఇంకా తక్కువకు రావచ్చు.

టాక్స్ రిటర్న్ పక్కన పెట్టుకుని ప్రతి కాలేజీ సైట్‌లో నెట్ ప్రైస్ కాలిక్యులేటర్ (సాయం పోను మీరు కట్టాల్సింది అంచనా వేసే ఫారం) నింపండి. మొత్తం ఖర్చులోంచి గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు మాత్రమే తీసేయండి. కొన్నిచోట్ల అప్పునూ, క్యాంపస్ పనినీ కూడా 'ఎయిడ్'లో కలిపేస్తారు, బోల్తా పడేది అక్కడే. హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా) పిల్లలకు ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ సాయం రాదు. కాలిక్యులేటర్ పెల్ గ్రాంట్ (తక్కువ ఆదాయం వాళ్లకు వచ్చే ఫెడరల్ సాయం) చూపించినా దాన్ని లెక్కలోంచి కొట్టేయండి.