కార్డు మీద 200... కెమెరాలో ఎంత?

లక్షన్నర పోసి మిర్రర్‌లెస్ కెమెరా కొన్నాక, దాంట్లో పెట్టే మెమరీ కార్డు కొనడానికి మళ్లీ డిగ్రీ చదవాలా? కార్డు మీద ఇంతింత అక్షరాలతో ‘సెకనుకు 200 ఎంబీ’ అని వేస్తారు. అది చదివే స్పీడు, అదీ వాళ్ల సొంత రీడర్లో పెడితేనే! కార్డుకీ కెమెరాకీ మధ్య డేటా నడిచే దారిని యూహెచ్ఎస్ అంటారు; 1 కన్నా 2 వేగం. మామూలు యూహెచ్ఎస్-1 స్లాటు 104 దాటదు. వీడియోకి అసలు చూడాల్సింది మూలన నక్కి ఉండే వీ30, వీ60, వీ90. ఆ అంకె ఎంతో, సెకనుకు అన్ని ఎంబీలకు తగ్గకుండా రాస్తానన్న హామీ అది.

కెమెరా మెనూలో వీడియో లెక్క మళ్లీ మెగాబిట్లలో. 400 అని ఉంటే 8తో భాగించుకోవాలి, అంటే 50 ఎంబీ. అక్కడ వీ30 కార్డు పెడితే కాసేపు బాగానే నడిచి, సరిగ్గా జీలకర్ర బెల్లం పెట్టే వేళకి రికార్డింగ్ టక్కున ఆగొచ్చు. పంతులుగారిని మళ్లీ పెట్టించమంటామా?

రెండు స్లాట్లున్నాయని మురిసిపోతే అక్కడో తిరకాసు. సోనీ ఏ7-3లో ఒక్కటే యూహెచ్ఎస్-2. నికాన్ జెడ్ఎఫ్‌లో రెండోది ఏకంగా మైక్రోఎస్డీ, అదీ యూహెచ్ఎస్-1. బ్యాకప్ మోడ్‌లో ఫొటో రెండింటికీ వెళ్లాలి కాబట్టి, బరస్ట్ (వరసపెట్టి టకటకా ఫొటోలు) కొట్టాక బఫర్ (కార్డుకెక్కే దాకా ఫొటోలు ఆగే కెమెరా లోపలి మెమరీ) ఖాళీ అయ్యేది నెమ్మది కార్డు నడకతోనే. వేలు పోసి కొన్న వీ90 పక్కన గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంటుంది.

కార్డు వెనక్కి తిప్పండి. పిన్నులు రెండు వరుసలుంటేనే యూహెచ్ఎస్-2. ముందువైపు చీమంత రోమన్ అంకె బదులు ఆ ముక్కే పెద్దగా వేస్తే వీళ్ల సొమ్మేం పోయింది?