ఫ్రిస్కో గోడ గడియారానికి నెల్లూరు నుంచి ఒక విన్నపం

మూలాపేట, నెల్లూరు,
2026 జనవరి 18, ఆదివారం.

టెక్సాస్ రాష్ట్రం, ఫ్రిస్కో నగరంలో మా అబ్బాయి ఇంటి హాలు గోడ మీద కొలువై ఉన్న గడియారం వారి సముఖమునకు, జలవనరుల శాఖ విశ్రాంత డిప్యూటీ ఇంజినీరు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

విషయం: పొద్దు పోకపోవడం గురించి.

మహాశయా,

ఉభయకుశలోపరి. ఆ మాట అలవాటు చొప్పున రాశానే గానీ తమ కుశలం గురించి నాకు ఏనాడూ బెంగ కలగలేదు. కొలరాడోలోని ఫోర్ట్ కాలిన్స్ దగ్గరి రేడియో స్టేషను పంపే సంకేతాన్ని రాత్రివేళ అందుకొని, అక్కడి అణు గడియారాల లెక్క ప్రకారం తమ ముళ్ళను తామే దిద్దుకొనే తమకు ఒకరి పరామర్శతో పని లేదు. తమరిని పెట్టెలోంచి తీసి గోడకు తగిలించిన రోజున మా వాడు, "నాన్నా, దీనికి కీ ఇవ్వక్కర్లేదు, టైము మార్చక్కర్లేదు, బ్యాటరీ అయిపోతే నేనే వేస్తాను" అని తమ ఘనతను వర్ణించాడు. ఆ ఇంట్లో నాకు దక్కవలసిన ఏకైక ఉద్యోగం చేరకముందే రద్దయిందని నాకు ఆ క్షణాన అర్థమైంది.

నేను ఈ ఉత్తరం రాస్తున్న వసారాలో మా నాన్నగారి కాలం నాటి లోలకం గడియారం ఒకటి ఉంది. ఎనిమిది రోజులకొకసారి కీ ఇవ్వకపోతే అలిగి ఆగిపోతుంది కనుక ఆదివారం నాడు తలంటుకొని, ముక్కాలిపీట ఎక్కి, అద్దం తలుపు తీసి, కుడివైపు రంధ్రంలో నడకకూ ఎడమవైపు రంధ్రంలో గంటలకూ కీ తిప్పడం మా ఇంట్లో చిన్నపాటి పూజ. అంత సేవ చేసినా అది వారానికి పది నిమిషాలు వెనకబడుతుంది. వెనకబడిన గడియారాన్ని దిద్దాలంటే ఎవరినో ఒకరిని సరైన టైము అడగాలి; అడగడానికి వీధిలోకి వెళితే టైముతో పాటు ఎవరి పిల్లకు సంబంధం కుదిరిందో, ఎవరింటి గోడ కూలిందో, ఎవరు ఆసుపత్రుల పేట పొగతోటలో ఏ డాక్టరు దగ్గర చేరారో అన్నీ తెలుస్తాయి. దిద్దడానికి వెళ్ళిన వాణ్ణి గంట తర్వాత తిరిగి వచ్చి ఆ గంటను కూడా కలిపి దిద్దేవాణ్ణి. తమరు ఎన్నడూ తప్పు చూపరు కాబట్టి తమ కింద కూర్చున్న మనిషి ఎవరినీ ఏమీ అడగవలసిన అవసరం రాదు.

విశ్రాంతి కోసం నేను ఆత్రపడిన వాణ్ణి కానని మొదటే మనవి చేసుకుంటున్నాను. ఉద్యోగంలో చేరిననాటికి పదవీ విరమణ వయసు 58 ఏళ్ళు. రాష్ట్ర ప్రభుత్వం దాన్ని 2014లో 60కి, 2022 జనవరి నుంచి 62కి పెంచింది. అలా 2020లో దండ వేయించుకొని ఇంటికి రావలసిన వాణ్ణి 2024 దాకా కుర్చీలోనే ఉన్నాను. అదనంగా దొరికిన నాలుగేళ్ళలో ఆఫీసు లేని పగలు ఎలా ఉంటుందో ఒక్క పూటైనా సాధన చేసి ఉండవలసింది. ఆదివారాలు కూడా సర్వేపల్లి కాలువ గట్టు మీద తిరిగి, గట్టు కాపలా లస్కర్ల చేత మొక్కుబడి నమస్కారాలు పెట్టించుకొని, అదే జీవితమనుకున్నాను.

నా వృత్తి నీటిని పంచడం, అంటే నిజానికి గంటలను పంచడం. 11,574 క్యూసెక్కులు రోజంతా పారితే ఒక టీఎంసీ అవుతుందని నన్ను నిద్రలో లేపి అడిగినా చెబుతాను. సోమశిల జలాశయంలో 78 టీఎంసీలు నిండిన ఏడు అందరూ మంచివాళ్ళే. నిండని ఏడు మాత్రం ఏ తూము ఎన్ని గంటలు ఎత్తాలో, ఏ ఊరి వంతు ఏ రాత్రి పడాలో, ఎడగారు అనే రెండో పంటకు నీళ్ళు ఇవ్వగలమో లేమో కాగితం మీద తేల్చాలి. కాలువ చివరి భూముల రైతు తెల్లవారుజామున మూడు గంటలకు ఫోను చేసి, "సార్, మీ గేజీలో నీళ్ళుండాయి, మా చేలో నెర్రెలుండాయి" అని కడిగిపారేసేవాడు. అప్పుడు చిరాకు పడేవాణ్ణి. ఇప్పుడు ఆలోచిస్తే, నా ప్రతి గంటకూ ఒక హక్కుదారు ఉన్నాడని ఆ తిట్టుకు అర్థం. తమ కింద నాకు దొరికిన గంటలు అలాంటివి కావు. షట్టర్లన్నీ ఎత్తి ఉన్నాయి, ప్రవాహం నిండుగా ఉంది, ఆయకట్టు మాత్రం ఒక్క ఎకరా లేదు.

తమకు తెలియని సంగతి కాదు గానీ, రికార్డు కోసం ఒక దినచర్య నమోదు చేస్తున్నాను. ఉదయం ఎనిమిదింటికి గ్యారేజీ తలుపు గరగరమని లేచి దిగుతుంది. దానితో కొడుకూ కోడలూ మనవరాలూ బయటికి, నిశ్శబ్దం లోపలికి. ఆ తర్వాత ఫ్రిజ్ ఒకసారి మూలుగుతుంది, మానుతుంది. పదకొండింటికి వెనక కంచె మీద ఒక ఉడుత కుడినుంచి ఎడమకు పోతుంది. అది తిరిగి ఎడమనుంచి కుడికి రావడం పగటిపూట రెండో ఘట్టం. మధ్యాహ్నం టపా బండి వస్తుంది. అందులో నా పేరున ఏదీ ఉండదని తెలిసినా, పిజ్జాల రాయితీ కాగితాలను పెళ్ళి శుభలేఖలంత గౌరవంగా తెచ్చి బల్ల మీద వరసగా పేర్చేవాణ్ణి. కోడలు సాయంత్రం వచ్చి వాటిని ఒక్క ఊపున చెత్తబుట్టలో వేసేది. ఆ అమ్మాయి తప్పేమీ లేదు, వాటి వెనక ఒక పూట శ్రమ ఉందని ఆమెకు ఎలా తెలుస్తుంది?

సాయంత్రం కాలనీ చెరువు చుట్టూ నడిచేటప్పుడు నా వంటి తండ్రులు ఎదురవుతారు. ఏ ఊరు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళతారు, విజిటరా గ్రీన్ కార్డా అనే నాలుగు ప్రశ్నలతో పరిచయం పూర్తవుతుంది. విజిటర్లకు మామూలుగా ఆరు నెలల గడువు ఉంటుంది కనుక వాళ్ళ ముఖాల్లో విడుదల తేదీ తెలిసినవాళ్ళ తేట కనిపిస్తుంది. నేను గ్రీన్ కార్డని చెప్పగానే "అదృష్టవంతులండీ" అని అభినందించి, ఎందుకో భుజం మీద చెయ్యి వేసి నొక్కేవాళ్ళు.

మా ఊరి తిక్కన, నన్నయ అరణ్యపర్వంలో ఆపిన భారతాన్ని విరాటపర్వం నుంచి అందుకొని 15 పర్వాలు పూర్తి చేశాడు. ఆయన కావ్యంలో విరాటపర్వం ముందు, ఉద్యోగపర్వం తర్వాత. నా విషయంలో వరస తారుమారై, ఉద్యోగపర్వం ముగిశాక అజ్ఞాతవాసం మొదలైంది. పాండవులకు ఏడాది గడువు ఉన్నట్టే నా కార్డుకూ ఏడాది గడువు ఉంది గానీ అది తలకిందుల గడువు: ముందుగా అనుమతి పత్రం తీసుకోకుండా ఏడాదికి మించి స్వస్థలంలో బయటపడి తిరిగితే ఆ దేశంలో నివాసం వదులుకున్నట్టు లెక్కకట్టవచ్చు, ఆరు నెలలు దాటినా విమానాశ్రయంలో ప్రశ్నలకు సిద్ధపడాలి. అందుకే నెల్లూరుకు మూడు నెలల సెలవు మీద వచ్చాను. సొంత ఊరికి సెలవు పెట్టి రావడం ఏమిటని తమరు అడగవచ్చు. నేనూ అదే అడుగుతున్నాను.

ఇందులో తప్పంతా తమదని నేను అనడం లేదు. ఏళ్ళ కిందట మొహర్రం రోజుల్లో జరిగే రొట్టెల పండుగలో మా ఆవిడ స్వర్ణాల చెరువులో మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, బారాషహీద్ దర్గాకు మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన ఒక తల్లి చేతినుంచి అబ్బాయి కోసం విదేశీ రొట్టె పుచ్చుకుంది. కోరిక తీరింది, మరుసటి ఏడు తానే రొట్టె చేసి తీసుకువెళ్ళి మరొక తల్లికి ఇచ్చింది. ఆ ఘట్టంలో ఉద్యోగ రొట్టె, వివాహ రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, అన్నీ దొరుకుతాయి. పిల్లల వెనక పోయిన పెద్దలకు పొద్దు గడిచే రొట్టె మాత్రం ఎవరి గిన్నెలోనూ కనపడలేదు. దాన్ని పంచాలంటే ముందు ఆ కోరిక తీరినవాళ్ళు ఒక్కరైనా ఉండాలి కదా.

మా ఆవిడకు తమతో తగాదా లేదు. ఆమెకు 58 గానీ 60 గానీ 62 గానీ వర్తించలేదు. నెల్లూరు వంటింట్లో చేసిన పనే ఫ్రిస్కో వంటింట్లో చేస్తూ, రాత్రి చేపల పులుసు కాచి, "రేప్పొద్దున తింటేనే దీని రుచి" అని మూత పెట్టి పడుకుంటుంది. రేపటికి రుచి మారే వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. నేను ఒకసారి ఉల్లిపాయలు తరిగి పెడతానని పీట వేసుకొని కూర్చుంటే, "ముప్ఫై ఎనిమిదేళ్ళు తోచని పని ఇప్పుడు తోచిందా?" అని కత్తి లాక్కుంది. ఆ ప్రశ్నకు శాఖాపరమైన సమాధానం ఇప్పటికీ పెండింగులో ఉంది.

సలహాలు ఇచ్చినవారికి కొదవ లేదు. గ్రంథాలయానికి వెళ్ళమన్నారు, భవనం బ్రహ్మాండంగా ఉంది, నడిచి వెళ్ళే దూరంలో లేదు. కారు నేర్చుకోమన్నారు, కాలువ గట్టు మీద నలభై ఏళ్ళు జీపు నడిపిన వాణ్ణి నాలుగు వైపులా ఎవరూ లేని కూడలిలో ఎందుకు ఆగాలో అర్థం చేసుకోలేక మొదటి పరీక్షలో తప్పాను. కార్యసిద్ధి హనుమాన్ ఆలయంలో శనివారం కనిపించే నాలుగు తెలుగు ముఖాలూ, నెలకొకసారి జరిగే తెలుగు వెన్నెల సాహిత్య సభా నిజంగా మేలు చేశాయని ఒప్పుకుంటాను. కానీ శనివారానికీ శనివారానికీ నడుమ ఆరు రోజులు ఉన్నాయి, ఆ ఆరు రోజులూ తమ చేతిలో ఉన్నాయి. పెరట్లో గోంగూర వేశాను. టెక్సాస్ ఎండకు అది మా కావలి చేలల్లో కన్నా ఏపుగా, నా ఎత్తున పెరిగింది. రోజూ ఆకులు లెక్కపెట్టేవాణ్ణి. చలి మొదలై ఒక్క రాత్రి మంచు పడేసరికి తెల్లారి చూస్తే ఉడికించిన కూరలా నల్లగా వాలిపోయి ఉంది.

ఊరివాళ్ళకు ఫోను చేద్దామా అంటే అక్కడా తమరే అడ్డు. చలికాలంలో తమ డయలు మీద అరగంట వెనక్కి లెక్కించి, పగలును రాత్రిగా మార్చుకుంటే నెల్లూరు టైము వస్తుంది. ఎండాకాలంలో గంటన్నర వెనక్కి లెక్కించాలి. తమ వద్ద ఉదయం పది అంటే ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర. నేను ఒంటరిగా ఉండే వేళలన్నీ నా స్నేహితులు గురకపెట్టే వేళలు. ఒకసారి తాళలేక పట్టపగలు పన్నెండింటికి మా పాత వర్క్ ఇన్‌స్పెక్టరుకు ఫోను చేస్తే, అర్ధరాత్రి ఫోను గనుక ఎక్కడో కాలువకు గండి పడిందనుకొని పాపం చొక్కా తొడుక్కున్నాడట.

ఇక అసలు ఫిర్యాదు. గడచిన నవంబరు 2వ తేదీ, ఆదివారం. ఆ రాత్రి రెండు గంటలకు ఆ దేశంలో దాదాపు అంతటా గడియారాలు గంట వెనక్కి వెళతాయని మా వాడు చెప్పాడు. ఉన్న 24 గంటలనే ఎక్కడ పోయాలో తెలియక గట్టు మీద నిలబడ్డ మనిషికి సర్కారు వారు ఉదారంగా 25వ గంట మంజూరు చేశారన్నమాట. ఆ మంజూరు ఎలా అమలవుతుందో కళ్ళారా చూడాలని దుప్పటి కప్పుకొని తమ ఎదుట కూర్చున్నాను. రెండు కొట్టగానే తమ ముళ్ళు ఒక్కసారి ఆగాయి. తర్వాత కదిలాయి, వెనక్కి కాదు, ముందుకే. తమ జాతికి వెనక్కి తిరగడం చేతకాదు కాబోలు. ఒక్క గంట వెనక్కి పోవడానికి మూడు, నాలుగు, అయిదు అంటూ గిరగిరా తిరిగి, తెల్లవారుజామునూ మిట్టమధ్యాహ్నాన్నీ దాటి, ఒంటిగంట దగ్గర ఆయాసం లేకుండా నిలబడ్డాయి. 11 గంటలు! నేను ఒక ఉడుత, ఒక టపా బండి సాయంతో ఈదవలసిన 11 గంటలను తమరు నా కళ్ళముందే నాలుగు నిమిషాల్లో దాటేశారు.

నెల్లూరు వచ్చాక అంతా తేలికైపోయిందని తమరు అసూయపడవద్దు. మొదటి పది రోజులు పెళ్ళికొడుకు మర్యాద జరిగింది. తర్వాత టీ అంగడి బెంచీ మీద నా చోట వేరే విశ్రాంత ఉద్యోగి స్థిరపడి ఉన్నాడని గమనించాను. జరగమని అడిగే హక్కు నాకు లేదు. గట్టు మీద లస్కరు ఆప్యాయంగానే పలకరించి, "ఎప్పుడొచ్చినారు సార్, ఎప్పుడు పోతారు?" అని చెరువు చుట్టూ నడిచే తండ్రుల ప్రశ్నలే అడిగాడు. సెక్షన్ ఆఫీసులో కొత్త అసిస్టెంట్ ఇంజినీరు కుర్చీ వేయించి, టీ తెప్పించి, పాత వంతుల లెక్క నేను చెబుతుంటే వినయంగా తల ఊపుతూ రెండుసార్లు గోడ మీదికి చూశాడు. అక్కడ ఉన్నది తమ బంధువే.

తిరుగు టిక్కెట్టు ఫిబ్రవరిలో ఉంది. మార్చి 8వ తేదీ, ఆదివారం, రాత్రి రెండింటికి తమరు ఒక గంటను అమాంతం మింగి మూడు మీదికి దూకుతారని క్యాలెండరులో చూశాను. ఆ రాత్రి కూడా దుప్పటితో హాజరవుతాను. నా విన్నపం ఒక్కటే: ఆ నవంబరు రాత్రి పదకొండు గంటలను నాలుగు నిమిషాల్లో గడిపిన కిటుకేదో ఉంది, దాన్ని, మా వాడు లేచేలోగా, నాకు నేర్పవలసినదిగా ప్రార్థన.

చిత్తగించవలెను.

తా.క.: వసారాలోని గడియారం కీ పక్కింటి కుర్రవాడికి అప్పగించి, ఆదివారం ఆదివారం మరచిపోకుండా కుడివైపు పన్నెండు చుట్లు, ఎడమవైపు పది చుట్లు తిప్పమని పీట ఎక్కించి మరీ చూపించాను. వాడు ఓపికగా విని, "బ్యాటరీది ఒకటి కొనుక్కోరాదా సామీ?" అన్నాడు.