పైమట్టి ఎత్తేస్తే సరా?

కోనసీమలో పైపులైను కారి చేలోకి ముడి చమురు పారితే ఆ తర్వాత జరిగే తంతు అందరికీ తెలిసిందే. పొక్లెయిన్ వస్తుంది. నల్లబడిన మట్టిని లారీలకెత్తి, కొత్త మట్టి పోసి చదును చేస్తారు. పంట నష్టం లెక్క తేలుతుంది. కొన్నాళ్లకు ‘నేల శుభ్రపడింది’ అని ఒక కాగితం వస్తుంది. మా అనుమానమల్లా ఆ కాగితం మీదే.

1995 జనవరి 8న పాశర్లపూడిలో గ్యాస్ బావి అంటుకుని 65 రోజులు మండింది. 2014 జూన్‌లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైపులైను పేలి ఇళ్లు బూడిదయ్యాయి. మంట కాబట్టి దేశమంతా చూసింది. నేలలోకి ఇంకిన చమురును చూసేదెవరు?

కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాముల పెట్రోలియం హైడ్రోకార్బన్లు, అంటే చమురులోని పదార్థాలు, ఉన్నాయన్నది ల్యాబ్ చెబుతుంది. కానీ ఆ మట్టి ఎక్కడిది? చేలో ఐదుచోట్ల తీసి ఒకే సంచిలో కలిపారనుకోండి. ఒక గుంటలో 9,000, మిగతా నాలుగింట్లో తలా వంద ఉంటే సగటు 1,880కి దిగిపోతుంది. రిపోర్టు బాగుంటుంది, ఆ గుంట అలాగే ఉంటుంది.

లోతు సంగతి ఇంకా ముఖ్యం. డెల్టాలో భూగర్భ జలం పైనే ఉంటుంది. సార్వాలో పైకొస్తుంది, ఎండాకాలం దిగుతుంది. నీటి మీద తేలే చమురు కూడా దాంతోపాటే ఎక్కుతూ దిగుతూ దారి పొడవునా మట్టికి పూసుకుపోతుంది. జానెడు లోతు గీకి పరీక్షిస్తే ఇది దొరకదు. నైజీరియాలో నైజర్ డెల్టాలోని ఒగోనీ ప్రాంతంపై ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం 2011లో ఇచ్చిన నివేదిక చూడండి. శుద్ధి పూర్తయిందని రికార్డుల్లో ఉన్న 15 స్థలాలను తవ్వితే పదింటిలో కాలుష్యం హద్దు మీరే ఉంది. అదీ మనలాంటి డెల్టాయే.

వాసన పోయిందిగా అంటారు. పోతుంది, తేలికవి ఆవిరైపోతాయి. బెంజీన్ లాంటివి నీటిలో కరిగి బావుల దాకా పోగలవు, బరువైనవి మట్టిని పట్టుకుని ఉంటాయి. ఒక్క అంకెతో ఇదంతా తెలియదు. అలాగని ప్రతి ఎక్కువ అంకే చమురుదని కూడా అనలేం. పేడ, కుళ్లిన గడ్డి ఎక్కువున్న మట్టి కూడా పరీక్షలో అంకెను పెంచుతుంది. అందుకే చమురు తగలని పక్క చేను మట్టినీ పోల్చి చూడాలి.

నిలిచిన నీటి మీద రంగుల పొర కనిపిస్తే చాలు, రైతుకు టెన్షన్. పుల్లతో కదిపి చూడండి. పలుచని పెంకులా పగిలి ముక్కలు విడిపోతే అది చాలావరకు ఇనుము వల్ల, సూక్ష్మజీవుల వల్ల ఏర్పడే పొర; మురుగు నేలల్లో మామూలే. కదిపినా మళ్లీ వచ్చి కలిసిపోతే అనుమానించాల్సిందే. దీన్నిబట్టి తీర్పు చెప్పలేం గానీ, ఎక్కడ తవ్వాలో తెలుస్తుంది. ఆ చోటు చూపించగలిగేది చేలో రోజూ తిరిగే కౌలు రైతే. మట్టి తీసేటప్పుడు ఆయన్ను పిలుస్తున్నారా?

2025 జూలైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణకు నిబంధనలు తెచ్చింది. శుద్ధి ఖర్చు కలుషితం చేసినవారిదేనని అందులో ఉంది. మంచిదే. కానీ శుద్ధి చేసినవాళ్లే ల్యాబ్‌ను ఎంచుకుని, మట్టీ వాళ్లే తీసిస్తే ఆ పరీక్షను ఎలా నమ్మాలి? నమూనాలు కాలుష్య నియంత్రణ మండలే తీయాలి. ప్రతి గుంట మట్టినీ విడిగా, నీరు తగిలే లోతు దాకా పరీక్షించాలి. ఒక సార్వా గడిచాక మళ్లీ చూడాలి. ఫలితం తెలుగులో రాసి పొలం యజమానికీ కౌలుదారుకూ చెరో కాపీ ఇవ్వాలి.

అన్నట్టు, ఆ ఎత్తిన నల్లమట్టి లారీలు ఎక్కడికి వెళ్లాయి? ఏ డ్రెయిన్ గట్టు మీద, ఎవరి తోట పక్కన దిగాయో కూడా ఆ కాగితంలో రాయాలి.