వంద రూపాయల ఫ్లయిట్ షాట్

ఇప్పుడే ఇంటికొచ్చాను. కాళ్లకున్న బురద కూడా కడుక్కోలేదు. కడుక్కుని, కాఫీ తాగి, కాస్త కుదుటపడి రాస్తే మర్యాదగా రాస్తానేమోనని భయమేసి ఇలాగే కూర్చున్నా.

పొద్దున నాలుగున్నరకి నాయుడుపేటలో స్కూటీ తీశాను. ఆదివారం. మా ఆయన దుప్పట్లోంచే "కొంగలకి కూడా సెలవుండదా?" అన్నాడు. సూళ్లూరుపేట దాటి, శ్రీహరికోట రోడ్డెక్కి, పులికాట్ సరస్సులో అటకానితిప్ప దగ్గర బండి ఆపేసరికి ఇంకా చీకటే. గాలి నా వీపు వైపు నుంచి వీస్తోంది. పక్షుల ఫోటోలు తీసేవాళ్లకి దీని విలువ తెలుసు. పెద్ద పక్షి ఏదైనా గాలికి ఎదురుగానే లేస్తుంది. గాలి మన వీపున ఉంటే, లేచేటప్పుడు దాని మొహం మనవైపే ఉంటుంది. ఈ గాలి కోసం ఆరు వారాలుగా తిరుగుతున్నా. ఒక వారం గాలి తిరగబడింది, ఒక వారం మబ్బు, ఒక వారం మా ఆడపడుచు కూతురి ఓణీల ఫంక్షన్.

తెల్లారేసరికి ఎదురుగా రాజహంసలు, అదే ఫ్లెమింగోలు. మూడు నాలుగు వందలుంటాయి. గోనెసంచి పరుచుకుని గట్టు కింద కూర్చున్నా. అవి తినడం ఎప్పుడైనా చూశారా? గానుగెద్దులా ఒకేచోట గుండ్రంగా తిరుగుతూ కాళ్లతో బురద తొక్కుతాయి. అడుగున ఉన్న పురుగూ పుట్రా పైకి తేలితే, తలకాయ తిరగేసి ఆ వంకర ముక్కుతో నీళ్లు వడపోస్తాయి. ఆ ఒంటి గులాబీ రంగంతా ఈ తిండిలోంచి వచ్చేదే. పుట్టినప్పుడు బూడిద రంగే. కళ్లకి అద్దుకుని చూడాల్సిన దృశ్యం.

ఒక పెద్దాయన మోకాళ్ల లోతు నీళ్లలో వల లాక్కుంటూ పోతున్నాడు, పక్షులకి యాభై అరవై అడుగుల దూరంలో. ఒక్కటంటే ఒక్కటి తల ఎత్తలేదు. ఆయన వాటి వైపు చూడడు, వాటి వైపు నడవడు. అంతే కిటుకు. ఇది నేర్పడానికి ఏ వర్క్‌షాపూ అక్కర్లేదు.

వర్క్‌షాపు అన్నాను కదా. ఆరున్నరకి రెండు కార్లు వచ్చాయి. ఏడుగురు దిగారు. ఒంటి నిండా ఆకుపచ్చ మిలిటరీ బట్టలు, టోపీకి కూడా ఆకుల బొమ్మలు. పులికాట్ బురదలో, కనుచూపు మేర ఒక్క ఆకు లేని చోట! నీళ్ల మధ్యలో ఏడు తుమ్మ పొదలు మొలిచినట్టు కనబడుతున్నారు. వాళ్లని నడిపించేవాడొకడు, అందరూ "సార్ సార్" అంటున్నారు. వచ్చీ రావడంతోనే నాతో "మేడమ్, మీరు కొంచెం ఆ పక్కకి జరిగితే మావాళ్లకి లైను క్లియరవుతుంది" అన్నాడు. నేను చీకట్లో వచ్చి కూర్చున్న చోటు! జరిగాను. ఇరవై ఏళ్లుగా బళ్లో పాఠాలు చెబుతున్నా కదా, సర్దుకుపోవడం అలవాటైపోయింది.

పావుగంట అయింది. తలలు నీళ్లలో ఉన్న పక్షుల్ని ఎంతసేపని తీస్తారు పాపం. "ఇవి ఎగరవా సార్?" అని ఒకాయన అడిగాడు. ఎనిమిదిన్నర ప్రాంతంలో ఎండ ఎక్కాక వాటంతటవే చోటు మార్చుకుంటాయండీ, కాస్త ఓపిక పట్టండి అని నేను చెప్పబోతున్నా. సార్ ఈలోపే "ఆగండి, లేపిస్తా" అన్నాడు. ఎగిరే పక్షి ఫోటోని ఫ్లయిట్ షాట్ అంటారు, దానికోసమే ఈ ఆరాటమంతా.

గట్టు మీద ఒక పిల్లవాడు. పన్నెండేళ్లుంటాయేమో. సైకిలు, హ్యాండిల్‌కి ప్లాస్టిక్ డబ్బా. వాడి చేతిలో వంద కాగితం పెట్టి "అరుచుకుంటా లోపలికి పరిగెత్తరా" అన్నారు. వాడు పరిగెత్తాడు.

ముందు మెడలన్నీ ఒక్కసారి లేచాయి. ఆ మెడలు లేచిన తీరు చూస్తేనే నా కడుపులో తిప్పింది. తలలు అటూ ఇటూ తిప్పి, బాతుల్లా అరుచుకుంటూ అన్నీ ఒకే దిక్కుకి నడక మొదలెట్టాయి. నడక కాస్తా పరుగైంది. అంత ఒళ్లు, అంత పొడుగు కాళ్లు, ఉన్నపళంగా లేవలేవు కదా, నీళ్ల మీద పరిగెత్తాలి. లేచాక రెక్కలు విప్పుకున్నాయి, లోపలంతా ఎరుపు, అంచున నలుపు. నా పక్కన ఏడు కెమెరాలు టరటరమని మోగాయి. సెకనుకి ఇరవై ఫ్రేములు. పెళ్లిలో తాళి కట్టేటప్పుడు కూడా అన్ని తీయరు.

సరే, ఒకసారి అయింది, పీడా పోయిందనుకున్నా. అవతల దిగాయి, మళ్లీ తల వంచాయి. అప్పుడు ఒకాయన "సార్, నాది ఫోకస్ మిస్సయింది, ఇంకోసారి" అన్నాడు.

ఇంకోసారి! హోటల్లో సాంబారు అడిగినట్టు. ఇంకో వంద కాగితం తీశారు.

నేను లేచి వెళ్లి "అలా తరమకూడదండీ, అవి తింటున్నాయి" అన్నా. సార్ నవ్వి, "మేం ముట్టుకోలేదు కదా మేడమ్. ఎగరడం వాటి పనేగా" అన్నాడు. ఎగరడం వాటి పనే! రేపు నీ కూతురి పెళ్లిలో విస్తరి ముందు కూర్చుని పప్పన్నం కలుపుతుంటే ఎవడో వెనక నుంచి "మంటలు, మంటలు" అని కేకేసి, నువ్వు పంచె పట్టుకుని పరిగెత్తుతుంటే ఫోటో తీసి, "పరిగెత్తడం కాళ్ల పనేగా" అంటే ఎలా ఉంటుంది నాయనా? అదీ ఒకే పూట రెండుసార్లు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు, తరమడం కూడా వేటేనని రాసుందని చెప్పా. "మేం షూట్ చేసేది కెమెరాతోనండీ" అన్నాడు. ఏడుగురూ నవ్వారు. ఆ జోకు వాళ్లు ప్రతి టూరులోనూ నవ్వుతారనుకుంటా, బాగా ప్రాక్టీసు ఉంది.

తర్వాత టీ బంకు దగ్గర వినబడింది అసలు ఆణిముత్యం. ఒకాయన ఫోన్లో క్యాప్షన్ చదువుతున్నాడు: "సైబీరియా నుంచి వేల మైళ్లు ఎగిరొచ్చిన అతిథులు." అయ్యా! ఈ సైబీరియా పిచ్చి మనకెప్పుడు వదులుతుంది? తెల్లగా, పెద్దగా, నీళ్లలో నిలబడ్డ ప్రతి పక్షికీ సైబీరియా పాస్‌పోర్టే. రాజహంసలు గూళ్లు కట్టేది గుజరాత్‌లో, కచ్ రణ్‌లో, మట్టి దిబ్బల మీద. కచ్ అని రాస్తే లైకులు పడవా? ఇక్కడికి దగ్గర్లోని నేలపట్టు పక్షుల కేంద్రంలో ఉండే గూడబాతుకైతే, అదే పెలికాన్‌కి, సైబీరియా గాలి కూడా సోకలేదు. దానిది ఎక్కువగా మన దక్షిణాదే. శ్రీలంకలో ఉంటుంది, కంబోడియాలో ఉంటుంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో ఊరివాళ్లు ఈ పక్షుల్ని పుట్టింటికొచ్చిన ఆడపడుచులంటారు. అది సైన్సుకి దగ్గర మాట. మన చదువుకున్నవాళ్ల క్యాప్షన్లకంటే వెయ్యి రెట్లు నయం. నిజంగా సైబీరియా నుంచి పులికాట్‌కి వచ్చేవి వేరే ఉన్నాయి. లిటిల్ స్టింట్ అని పిడికిట్లో పట్టే ఉల్లంకి పిట్ట, ముప్పై గ్రాములు కూడా తూగదు. ఈరోజు ఈ ఏడుగురి బూట్ల పక్కనే పదో పదిహేనో తిరుగుతున్నాయి. ఒక్కడైనా కిందికి చూశాడా?

అసలు వీళ్లని అనడం కాదు. వీళ్లని తయారుచేసినవాళ్లున్నారు. రెండేళ్ల క్రితం నెల్లూరులో ఒక ఫోటో పోటీ జరిగింది. ఎవరు పెట్టారో చెప్పను, తెలిసినవాళ్లకి తెలుసు. నేనొక ఫోటో పంపా. నేలపట్టు చెరువు, నీళ్లలో నిలబడ్డ కడప చెట్టు, మిట్టమధ్యాహ్నం. గూటిలో తల్లి గూడబాతు సగం రెక్క విప్పి ఎండ పడకుండా నిలబడింది. పిల్ల తలకాయ మెడదాకా తల్లి గొంతు సంచిలో దూర్చి చేప వెతుక్కుంటోంది. ఆ ఒక్క ఫ్రేము కోసం కట్ట మీద మూడు గంటలు నిలబడ్డా, మెడ మాడిపోయింది, వారం రోజులు చర్మం ఊడింది. జడ్జిగారు చూసి "బావుందమ్మా, కానీ యాక్షన్ లేదు" అన్నారు. పిల్ల తల్లి గొంతులో దూరడం యాక్షన్ కాదంట!

ఫస్ట్ ప్రైజు దేనికిచ్చారో తెలుసా? గూళ్ల మీది నుంచి గూడబాతులన్నీ ఒక్కసారి పైకి లేచిన ఫోటోకి. పేరు "స్వేచ్ఛ". పిల్లల్ని వదిలేసి తల్లులన్నీ ఒక్కసారి లేచాయంటే అది స్వేచ్ఛా? ఎవడో బెదరగొట్టాడని అర్థం. గూడు ఖాళీ అయితే కాకి వస్తుంది, గద్ద వస్తుంది, బొచ్చు రాని పిల్ల ఎండకి మాడుతుంది. ఆ ఫోటోలో కుడివైపు మూల ఒక కాకి ఉంది. జడ్జిగారికి కనబడలేదు. నాకు ఈరోజుకీ అదే కనబడుతుంది. ఆ ఫోటో తీసినాయనకి షీల్డు, శాలువా, పూలబొకే. (శాలువా సంగతి ఇంకోరోజు రాస్తా. ఈ జిల్లాలో అమ్ముడయ్యే శాలువాల్లో సగం స్టేజీల మీదే తిరుగుతున్నాయని నా అనుమానం.)

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. నేనూ పుణ్యాత్మురాలిని కాదు. లెన్స్ కొన్న మొదటి ఏడాది, నెలనెలా కిస్తీ కడుతున్న బాధలో, నేనూ ఒకసారి చప్పట్లు కొట్టా. ఎర్రకాళ్ల కొంగలు లేచాయి. ఫోటో వచ్చింది. అందులో పదకొండు కొంగలు, పదకొండింటి వీపులు. తరిమిన పక్షి వీపే చూపిస్తుంది. ఈరోజు ఆ ఏడుగురి మెమరీ కార్డుల్లో ఉన్నవీ అవే, వేలకొద్దీ తోకలు. పిల్లవాడికి భయపడి అటు తిరిగి లేచాయి కాబట్టి నేను ఆరు వారాలు ఆగిన గాలి కూడా దండగైంది. ఇంటికెళ్లి ఆ తోకల్లో మంచి తోక ఏరుకుంటారు.

మూడోసారి కూడా అడిగారు. ఈసారి పక్షులు చాలా లోపలికి పోయాయి, పిల్లవాడు నడుము లోతుదాకా వెళ్లాల్సి వచ్చింది. వల పెద్దాయన అవతల నుంచి "ఒరే పిలకాయా, ఆడ ఊబిరా, రా ఇట్టా!" అని కేకేశాడు. ఆ కేక విన్నాక సార్‌గారికి టైము గుర్తొచ్చింది, టిఫినుకి లేటయిందన్నాడు.

నిజానికి రెండోసారి తరిమినప్పుడు నేను కూడా ఒక ఫోటో తీశా. సాక్ష్యం ఉంటుందని. పక్షులు లేచాక పిల్లవాడు నీళ్లలో ఆగి, వెనక్కి తిరిగి "చాలా అన్నా?" అని అడిగిన క్షణం. వెనకంతా గులాబీ రంగు మసక, ముందు వాడు, తడిసిన బడి చొక్కా, చేతిలో మడత నలిగిన వంద కాగితం. ఫోకస్ సూదిమొనలా ఉంది. నేను తీసినవాటిలో ఇదే మంచి ఫోటో, నిజం చెప్పొద్దూ.

పెట్టమని అడగొద్దు. పెట్టను. అందులో మొహం కనబడేది వాడొక్కడిదే. డబ్బులిచ్చినవాళ్లు ఫ్రేము బయట, నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నారు.