గేట్లు ఎత్తేశారట!

చెన్నైలో నవంబరు వానలు మొదలైతే చాలు, మా వేళచ్చేరి అపార్ట్‌మెంట్ తెలుగువాళ్ల గ్రూపులో అందరూ ఇంజనీర్లే. పొద్దున ఒకాయన "చెంబరంబాక్కం చెరువు 22 అడుగులు దాటింది, ఇలాగే కురిస్తే గేట్లు ఎత్తుతారేమో" అని పెట్టాడు. తప్పేముంది? చెరువు నిండు మట్టం 24 అడుగులు. లెక్క చెప్పి ఊహించాడు.

మధ్యాహ్నానికల్లా అదే "గేట్లు ఎత్తేశారు, రాత్రికి వేళచ్చేరి మునుగుతుంది, అందరికీ పంపండి" అయి కూర్చుంది! దానికి తోకగా 2015 వరదల వీడియో ఒకటి. (ఆ ఏడాది మొసళ్ల పార్కు నుంచి మొసళ్లు తప్పించుకున్నాయనీ పుకారు లేపారు, పార్కువాళ్లు మొత్తుకోవాల్సొచ్చింది.) అసలు చెంబరంబాక్కం నీళ్లు పోయేది అడయారు నదిలోకి. ముందు భయపడాల్సింది ఆ నది ఒడ్డునున్న సైదాపేట, కోట్టూర్పురంవాళ్లు. ఇక్కడ మూడో అంతస్తు పిన్నిగారేమో బియ్యం డబ్బాలు అటకెక్కించి, మోకాళ్ల నొప్పులతో మంచమెక్కారు. బాబాయిగారు కారు తీసుకెళ్లి ఫ్లైఓవర్ మీద పెట్టొచ్చారు.

"ఎవరు చెప్పారండీ ఇది?" అని పంపినాయన్ని అడిగితే, "ఏమో, ఎందుకైనా మంచిదని పంపానమ్మా" అన్నాడు. మంచిదట! ఎవరికి? ఊరికి నీళ్లిచ్చే మెట్రోవాటర్ వాళ్లు చెరువుల మట్టం రోజూ వెబ్‌సైట్లో పెడతారు, అదొక్కటి మాత్రం ఈయన చచ్చినా ఫార్వర్డ్ చెయ్యడు.