చైనా ఇంజిన్ అయితే క్రాంక్ వంకరగా ఉండొచ్చా?

ఇవాళ పొద్దున విజయవాడ ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు వాళ్లు నా బండి క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్ ఊపును తిరుగుడుగా మార్చే ఇరుసు) నా చేతిలో పెట్టి, "అయిపోయింది సార్, తీసుకెళ్లి బిగించుకోండి" అన్నారు. రనౌట్, అంటే తిప్పినప్పుడు ఎంత వంకరగా ఊగుతోందో, ఎంత వచ్చిందండీ అని అడిగా. "చైనా బండికి డయల్ గేజ్ ఎందుకు సార్? చేత్తో తిప్పి చూశాం, బాగానే తిరుగుతోంది" అన్నాడు ఓనరు. ఇంటికొచ్చి అన్నం తిన్నా కూడా ఒళ్లు మంట తగ్గలేదు.

మాది నూజివీడు దగ్గర మామిడి తోట. కాయ ట్రేలు, మందు డబ్బాలు లాగడానికి ఒక చిన్న చైనా ఏటీవీ, నాలుగు చక్రాల తోట బండి, ఉంది. రోడ్డెక్కదు, చెట్ల సందుల్లోనే దాని బతుకు. 125 సీసీ అడ్డ ఇంజిన్, అంటే సిలిండర్ పడుకుని ఉంటుంది. బోరు (సిలిండర్ వెడల్పు) 54 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ నడిచే దూరం) 54, లెక్కేస్తే 123.7 సీసీ వస్తుంది. ట్యాంకు మీద ఏ పేరు అతికించినా ఈ ఇంజిన్ పుట్టుక హోండా సూపర్ కబ్ నుంచే. 1958లో మొదలైన ఆ బండి 2017కల్లా 10 కోట్లు దాటింది. జపాన్‌లో తకెగావా, కిటాకో లాంటి కంపెనీలు ఈ వంశం ఇంజిన్లకే ఇప్పటికీ ప్రత్యేకంగా క్రాంకులు చేసి అమ్ముతున్నాయి. మన దగ్గరేమో "చైనా" అనే ఒక్క మాటతో తీసి అవతల పారేస్తారు.

ఈ ఇంజిన్ల డిజైన్‌లో తప్పు లేదు. కాపీ కొట్టినవాళ్లు నాలుగు డబ్బులు మిగుల్చుకుందామని కక్కుర్తి పడ్డ చోటే తప్పు. పిస్టన్‌ను క్రాంకుకు కలిపే కనెక్టింగ్ రాడ్డు, దాని బిగ్ ఎండ్‌లో (క్రాంకు వైపు పెద్ద కన్నంలో) ఉండే సన్నటి రోలర్ల నీడిల్ బేరింగ్, రెండు చక్రాలనూ కలుపుతూ ప్రెస్ మీద బిగించే క్రాంక్ పిన్ను, అటూ ఇటూ క్రాంకును మోసే మెయిన్ బేరింగులు. పోయేవి ఇవే. రెండు పక్కలా ఉండే బరువైన చక్రాలకు ఏమీ కాదు. నా దాంట్లోనూ అంతే. టకటక శబ్దం మొదలైంది, హెడ్డు, సిలిండర్ విప్పి రాడ్డు పట్టుకుని పైకీ కిందకీ లాగితే ఆట తెలిసిపోతోంది. పక్కకి కొంచెం కదలడం మామూలే, పైకీ కిందకీ అసలు కదలకూడదు. పాత పిన్ను బయటికి తీశాక గోరుతో గీసి చూశా. పై పొర పెచ్చులూడి, గుంటలు పడి, గరుగ్గా తగులుతోంది. నీడిల్ బేరింగ్ కేజ్, అంటే ఆ రోలర్లను పట్టి ఉంచే చట్రం, ఒక మూల చిట్లిపోయింది.

కొత్త క్రాంక్ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కదా అని ప్రతివాడూ చెప్పేవాడే. దొరుకుతుంది. లోపల మళ్లీ అదే మెత్తటి పిన్ను, అదే నాసి కేజ్. అందుకే చక్రాలు పాతవే ఉంచి, ఫోర్జ్ చేసిన రాడ్డు, గట్టిపరిచిన పిన్ను, వెండి పూత కేజ్ ఉన్న మంచి కిట్ తెప్పించా. మెయిన్ బేరింగులు నంబరు పక్కన సి3 ఉన్నవి ఏరి కొన్నా. సి3 అంటే లోపల గోళీలకు మామూలు కంటే కాస్త ఎక్కువ సందు. కేసులో బిగిశాక, వేడెక్కాక ఆ సందు తగ్గుతుంది కాబట్టి ముందే ఎక్కువ ఉండాలి. ఈ ముక్క షాపులో చెబితే "ఏ బేరింగైనా ఒకటే సార్" అన్నారు. ఒకటే అయితే కంపెనీ వాడు రెండు రకాలు ఎందుకు చేస్తాడు?

ఇంకొకాయన సలహా, "స్ప్లెండర్ రాడ్ వేసెయ్ తమ్ముడూ, బోల్డు పవర్ వస్తుంది" అని. స్ట్రోకు రాడ్డులో ఉండదన్నా! చక్రంలో పిన్ను కన్నం మధ్య నుంచి ఎంత దూరంలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. రాడ్డు పొడవు మారితే పిస్టన్ సిలిండర్ అంచుకు పైకో కిందకో పోతుంది, అంతే. పిన్ను సైజు కూడా కలవకపోతే చక్రం కన్నాన్ని సాగదీయాలి. అది సాగదీస్తే ఆ చక్రం తూకానికి వేసుకోవడానికి తప్ప పనికిరాదు.

సరే, షాపు సంగతికి వస్తా. క్రాంకును అక్కడి నుంచి నేరుగా గేజ్ ఉన్న స్నేహితుడి దగ్గరికి తీసుకెళ్లా. సెంటర్ల మధ్య పెట్టి, రెండు కొసలకూ డయల్ గేజ్ ఆనించి నెమ్మదిగా తిప్పితే ఒక పక్క 0.14 మిల్లీమీటర్లు. 0.03 దాటితేనే నాకు నిద్ర పట్టదు. చక్రం అంచు నిండా సుత్తి దెబ్బలు. రాగి సుత్తి కాదు, ఇనప సుత్తే. సరి చేసేటప్పుడు కొట్టాలి, నిజమే, కానీ గేజ్ ముల్లు చూసి ఎక్కడ ఎత్తుగా ఉందో గుర్తు పెట్టుకుని కొట్టాలి. ముల్లే లేకుండా దేన్ని చూసి కొట్టారు?

అసలు నెత్తురు మరిగింది అది చూసి కాదు. పిన్ను రెండు కొసల్లోనూ వెల్డింగ్ చుక్కలు పెట్టారు! అడగలేదు, చెప్పలేదు. రేసు ఇంజిన్లకు పిన్ను వెల్డ్ చేయడం ఉంది, కాదనను. క్రాంక్ పూర్తిగా సరిచేశాక, టిగ్ అనే సన్నటి వెల్డింగ్‌తో జాగ్రత్తగా పెట్టి, ఆ తర్వాత మళ్లీ గేజ్ మీద చూస్తారు. వీళ్లు వంకరగా ఉన్నదాన్ని వంకరగానే అతికించారు. ఇప్పుడు సరిచేయాలంటే వెల్డ్ కోయాలి, ప్రెస్ మీద పిన్ను తోయాలి. ఆ కొత్త పిన్ను ఇక మళ్లీ నమ్మి వేసుకునేది కాదు.

"అంత సీరియస్ ఎందుకు, తోట బండేగా" అంటున్నారు మా ఇంట్లో వాళ్లు కూడా. 7500 ఆర్‌పీఎం అంటే సెకనుకు 125 చుట్లు. పైకి పోయిన పిస్టన్‌ను ఆపి కిందకి లాగాల్సింది ఆ రాడ్డే. పిస్టన్ సెట్టు 100 గ్రాములు అనుకున్నా, ఆ క్షణంలో రాడ్డు మీద పడే లాగుడు 200 కిలోల పైమాటే. ఇదంతా లీటరు కూడా పట్టని ఆయిల్‌లో, కాగితం ఫిల్టర్ కూడా లేకుండా, ఒక జల్లెడ, ఒక తిరుగుడు ఫిల్టర్‌తో నెట్టుకొస్తుంది ఆ ఇంజిన్. రాడ్డు తెగితే కేసు పగలగొట్టుకుని బయటికొస్తుంది. కూర్చున్నవాడి కాళ్లకు జానెడు దూరంలో ఉంటుంది అది.

నాకు ఈ "ఏదైనా ఒకటే" అనే మాట మీద కోపం ఇవాళ్టిది కాదు. నాన్న ఉన్నప్పుడు చెరువు కింద పొలానికి మోనోబ్లాక్ మోటారు ఉండేది. వరి పొట్ట మీద ఉన్నప్పుడు బేరింగ్ పోయింది. టౌన్లో పేరున్న కంపెనీ డబ్బాలో పెట్టి కొత్తది ఇచ్చారు, నాన్న పూర్తి డబ్బు కట్టి తెచ్చారు. కొన్నాళ్లకే అది నలిగిపోయి, రోటార్ వెళ్లి స్టేటార్‌కు రాసుకుని, వైండింగ్ మొత్తం మాడిపోయింది. విప్పి చూస్తే బేరింగ్ మీది అక్షరాలు కిరోసిన్ గుడ్డతో తుడిస్తే చెరిగిపోయాయి. షాపుకు పట్టుకెళితే, "బేరింగ్‌కి గ్యారంటీ ఎవరిస్తారండీ" అన్నారు. రీవైండింగ్ అయ్యేలోపు పొలం నెర్రెలిచ్చింది. నాన్న ఆ షాపు ముందు నిలబడి ఏమీ అనలేక తిరిగి రావడం నేను చూశా. ఇప్పుడైతే ఎస్‌కేఎఫ్ లాంటి కంపెనీలే ఫోన్‌లో ఫోటో తీసి పంపితే అసలుదో నకిలీదో చెప్పే యాప్ పెట్టాయి. కంపెనీవాళ్లు అంత దూరం వచ్చారంటే నకిలీ సరుకు ఎంత పారుతోందో చూడండి. రైతు మోటారు కదా, చైనా బండి కదా, వాడికేం తెలుస్తుందిలే అనే లెక్క రెండు చోట్లా ఒకటే.

ఆటోనగర్‌లో చేతిలో పని ఉన్నవాళ్లు లేరని కాదు. లారీ క్రాంకులు గ్రైండ్ చేసి మైక్రోమీటర్‌తో కొలిచి ఇచ్చే పెద్దవాళ్లను నా కళ్లతో చూశా, వాళ్ల చేతికి దండం పెట్టాలి. పని రానివాడి మీద నాకు కోపం లేదు. గేజ్ అల్మారాలోనే పెట్టుకుని, బండి ధర చూసి బయటికి తీయనివాడి మీదే.

రేపు వెల్డ్ కోయిస్తున్నా. ఇంకో పిన్ను ఆర్డర్ పెట్టేశా. పోయిన పిన్ను ఖరీదు, కూలీ డబ్బులు ఆ షాపు వాళ్ల దగ్గర అణాపైసలతో వసూలు చేస్తా. గేజ్ రీడింగ్ వీడియో తీసి పెట్టుకున్నా, బిల్లు నా జేబులోనే ఉంది.